గృహములందు ఛాయాపటములు: నిలుపుటయు, చూపుటయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



రామసముద్రము చుట్టుపట్ల ఏ పాతయింటి పడసాలలో అడుగిడినను మొదట కంటబడునవి గోడమీది పటములు. దేవుని పటముల వరుస ముగిసినచోట మనుష్యుల పటముల వరుస మొదలగును. కోటుమీద ఉత్తరీయము వేసికొని కుర్చీలో నిటారుగా కూర్చున్న పెద్దమనిషి, ఆయన ప్రక్కన నిలుచుండి కెమెరాను చూచి బెదరిన యిల్లాలు, పూలకుండి గీసిన తెర ముందర నిలువబెట్టబడిన బాలుడు, కోలారు బంగారుగనులలో పనికి పోయి అచ్చటి స్టూడియోలో తీయించి యింటికి పంపిన కుఱ్ఱవాడు. గనులు 2001లో మూతబడినవి. కుఱ్ఱవాడును ముసలివాడై గతించియుండును. పటము మాత్రము మేకున వ్రేలాడుచున్నది. ఈయన యెవరని అడిగినచో ఇంటికోడలు "మామగారికి తెలిసియుండును" అనును. మామగారు "అవ్వ ఉండినచో చెప్పెడిది" అందురు. అవ్వ లేదు.

ఈ ఉపన్యాసమునకు విషయమిదియే. పటమును గోడకు తగిలించుట సులభము. దానిని ఇంటివారికిని వచ్చినవారికిని చూపుట, చూపునపుడు పేరు చెప్పుట, ఆ పేరు చెప్పువారి తరువాతను నిలుచునట్లు చేయుట కష్టము. పేరులేని పటము సర్వే నంబరు లేని చేను వంటిది. నేల ఉన్నది, పైరును ఉన్నది, ఎవరిదో చెప్పగలవారు లేరు.

పటములు చూపు విద్య ఈ దేశమునకు కెమెరాతో వచ్చినది కాదు. ఛాయాచిత్రము తీయు విధానము పారిసు నగరమున లోకమునకు వెల్లడియైనది 1839లో. మద్రాసులో ఛాయాచిత్రకారుల సంఘ మేర్పడినది 1856లో. అంతకు వేయి సంవత్సరములకు పూర్వమే భవభూతి మహాకవి ఉత్తరరామచరితమున ప్రథమాంకములో చాలభాగమును చిత్రదర్శనమునకే వినియోగించెను. తండ్రియగు జనకుడు వెడలిపోయినందున గర్భవతియైన సీత దిగులుపడియుండగా, లక్ష్మణుడు వచ్చి, చిత్రకారుడు తమ చరిత్రను చిత్రించినాడు, చూడ రండని పిలుచును. ముగ్గురును నడచుచు చూతురు. లక్ష్మణుడు ఒక్కొక్కదానిని వ్రేలితో చూపి ఇది ఫలానిది, వీరు ఫలానివారని చెప్పుచుండును. వివాహఘట్టము వచ్చును. ఈమె ఆర్య, ఈమె మాండవి, ఈమె శ్రుతకీర్తి అని చెప్పి, తన భార్యయైన ఊర్మిళను మాత్రము చెప్పక దాటవేయును. సీత కనిపెట్టి, మఱి ఈమె యెవరని పరిహాసముగా అడుగును. మఱది సిగ్గుపడి, మాట మార్చి, పరశురాముని చూపును. ఇంటిలో పటములు చూచుకొనునప్పటి ముచ్చట ఇంతకంటె బాగుగా చెప్పినవారు లేరు. మంథర కనబడగా రాముడు మారుమాటాడక శృంగిబేరపురమునందలి ఇంగుదీవృక్షమును చూపి ముందునకు సాగును. చూపుటలో ఈ నేర్పును కావలెను.

భాసుని ప్రతిమానాటకమున మఱియొక తీరు కలదు. మేనమామ యింటినుండి మరలివచ్చుచున్న భరతుడు అయోధ్య వెలుపల ప్రతిమాగృహమున విశ్రమింప జొచ్చును. అందున్న విగ్రహములు తన తాతముత్తాతలవి. ఆ సంగతి ఎఱుగక దేవతావిగ్రహములనుకొని మ్రొక్కబోవును. అచ్చటి పరిచారకుడు వారించి, ఈయన దిలీపుడు, ఈయన రఘువు, ఈయన అజుడు అని పేర్లు చెప్పవలసి వచ్చెను. నాలుగవ విగ్రహము కడ భరతుని గుండె తల్లడిల్లును. బ్రదికియున్నవారికిని ప్రతిమలు నిలుపుదురా యని అడుగును. లేదు, గతించినవారికే యని ఉత్తరము. తండ్రి మరణవార్త అతనికి ఆ విధముగా తెలిసెను. బ్రదికియున్నవారి పటమునకు దండ వేయరాదను పల్లెయాచారము వెనుక ఈ భావమే ఉన్నదేమో. ఏమైనను, రఘువంశమువంటి వంశమున పుట్టిన మనుమడే పూర్వుల ముఖములను గుర్తింపలేక పరిచారకుని నోట పేరు వినవలసి వచ్చినపుడు, తక్కినవారి మాట చెప్పనేల?

తిరుమల దేవాలయమున శ్రీకృష్ణదేవరాయలును, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవియు చేతులు జోడించి నిలిచియున్న విగ్రహములు యాత్రికులు చూచునవే. వారి పేర్లు భుజములమీదనే చెక్కబడియున్నవి. రాయలు గతించినది 1529లో. నేటికిని ఆ ముగ్గురిలో ఎవరు ఎవరను వాదము లేదు. దీనికి ఎదురుగా మఱియొక చిత్రమును తలచుకొనుడు. ఊరూరి కైఫీయతులను సేకరింపజేసిన కర్నల్ మెకంజీ దొరను 1816లో థామస్ హికీ యను చిత్రకారుడు తైలవర్ణములతో చిత్రించెను. దొరతోపాటు ఆయన క్రింద పనిచేసిన ముగ్గురు దేశీయులు అందున్నారు. దొరపేరున సందేహము లేదు. ఆ ముగ్గురి పేర్లు మాత్రము పండితులు ఊహమీద చెప్పవలసి వచ్చినది. కావలి వేంకట లక్ష్మయ్య అందొకడని కొందరందురు. ఊరూరి పేర్లు వ్రాయించి పెట్టినవారి పేర్లే ఊహపాలైనవి.

హైదరాబాదు నిజాము కొలువున ఛాయాచిత్రకారుడుగా ఉండి 1905లో గతించిన రాజా దీనదయాళుడు ఈ విషయమున మెలకువ గలవాడు. తాను తీసిన గాజుపలకలకు సంఖ్యలు వేసి, పేర్లు వ్రాసి ఉంచుట ఆయన పద్ధతి. ఆ పలకలలో రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి. రాజులకు తగినది రైతులకు తగదనుట సరికాదు. సంఖ్య వేయుటకు కావలసినది పెన్సిలు మాత్రమే.

ఇక ఇంటిపని. పటమునకు మొదటి శత్రువు తేమ, రెండవది యెండ, మూడవది పొగ. మట్టిమిద్దె యైనను, బండలు కప్పిన యిల్లైనను, వానకు నెమ్మెక్కు గోడ యేదో ఇంటివారికి తెలియకపోదు. ఆ గోడకు పటము తగిలింపరాదు. వంటింటి ప్రక్కగోడయు, పడమటి యెండ తిన్నగా సోకు గోడయు పనికిరావు. పూర్వులు పటమును క్రింద ఒక కొయ్యచెక్కపై ఆనించి, పైభాగము ముందునకు వంగునట్లు కట్టెడివారు. క్రింద కూర్చున్నవారికి ముఖము కనబడుట, అద్దముపై దుమ్ము తక్కువగా నిలుచుట, వెనుక గాలి యాడుట అను మూడు లాభములు అందున్నవి. నాలుగవ లాభము పిచ్చుకలది. వెనుక గూడు కట్టిన పిచ్చుకను పిల్లలు ఎగిరిపోవువఱకు కదలింపని ఇండ్లు ఈ సీమలో ఎన్నియో ఉండెడివి. పిచ్చుకలు తగ్గినవి, పటమునకు అంత మేలు. అయినను సంతోషింపవలసిన సంగతి కాదు.

పటము కట్టించునపుడు కట్టువానితో ఒక్కమాట చెప్పవలెను: అద్దమునకును పటమునకును నడుమ చుట్టును అట్టయంచు వేయుమని. ఛాయాపటము పైపొర యొకవిధమైన జిగురుతో చేయబడినది. తేమ తగిలినపుడు మెత్తబడి అద్దమునకు అంటుకొనును. అంటినదానిని పెరికినచో ముఖము అద్దముతో వచ్చును. అట్టిదానిని పెరుకక, అద్దముతో గూడనే నీడపట్టున పెట్టి మరల ఛాయ తీయించుట మేలు. తడిపూల దండనుండి నీరు చట్రములోనికి దిగును. దండను పటమునకు కొంచెము ఎడముగా వేయవలెను. కుంకుమబొట్టు అద్దముమీదనే గాని పటముమీద పెట్టరాదు. నలుపుతెలుపు పటములందలి నలుపు వెండి. చక్కగా కడిగి తీసినదైనచో నూరేండ్లు నిలుచును. రంగుపటములందలి రంగులు వెలుతురుకు ఒక్కటొక్కటిగా వెలసి, తుదకు ముఖములు ఎఱ్ఱగానో పసుపుగానో మిగులును. కావున అసలుపటమును పెట్టెలో దాచి, దాని నకలును గోడకు తగిలించుట ఉత్తమము. భూమిపత్రముల విషయమున ఈ తెలివి అందఱకును ఉన్నది.

చిన్నపటములు పదిపదునైదు ఒకే చట్రమున ఇఱికించి కట్టించుట పల్లెలలో పెద్ద వాడుక. తాత, మనుమడు, బడిపటము, తిరుపతిలో గుండు చేయించిననాటిది, అన్నియు ఒక్క అద్దము క్రింద నుండును. చూచుటకు అందమే. కాని మైదాజిగురుతో అట్టకు అంటించుటచే వెనుక వ్రాసినది మూతబడును, పురుగును చేరును. జిగురులేక మూలలయందు కాగితపు చీలికలతో నిలుపవచ్చును. నల్లకాగితముల ఆల్బములు ఈ విషయమున మంచివి. తరువాత వచ్చిన, జిగురు పూసిన పుటపై మైనపుపొరవంటి ప్లాస్టికు కప్పిన ఆల్బములు మిక్కిలి చెడ్డవి. కొన్ని యేండ్లకు ఆ జిగురు పసుపెక్కి పటమును విడువదు.

పేరు వ్రాయు పద్ధతి. పటమును శుభ్రమైన గట్టి పలకపై బోర్లించి, వెనుక అంచున మెత్తని పెన్సిలుతో ఒత్తక వ్రాయవలెను. బాలుపెన్నుతో వ్రాసినచో అక్షరములు ముఖముమీదికి ఉబ్బును. కొత్తకాగితముల నునుపుమీద పెన్సిలు పట్టదు. అప్పుడు విడిచీటిపై వ్రాసి పటముతో గూడ కవరులో నుంచవలెను. పేరు, ఊరు, సంవత్సరము, సందర్భము చాలును. గుంపుపటమైనచో "కూర్చున్నవారు, చూచువారి యెడమనుండి" అని స్పష్టముగా వ్రాయవలెను. ఎవరి యెడమ అనుదానిపై రెండుతరముల తరువాత తగవు పుట్టును. అంచున గొడుగు పట్టుకొని నిలిచిన పాలేరును, బండి తోలినవానిని, చంటిబిడ్డను ఎత్తుకొన్న పనిమనిషిని వదలరాదు. వారి యింట ఆ కాలమునాటి పటమే ఉండకపోవచ్చును. వారి మనుమలకు తాత ముఖము ఈ యింటి గోడమీదనే ఉన్నది. వారిని పిలిచి చూపుట, నకలు తీయించి యిచ్చుట యింటివారి ధర్మము.

స్త్రీల విషయమున మఱియొక లోపము కలదు. ఏ పటము వెనుక చూచినను "ఫలానివారి భార్య", "ఫలానివారి తల్లి" అని ఉండును. లక్ష్మణుడు ఊర్మిళను సిగ్గుచే దాటవేసెను. తక్కినవారు అలవాటుచే దాటవేయుదురు. ఆమెకును పేరున్నది, పుట్టినూరున్నది. శ్రీనివాసపురమునుండియో ముళబాగిలునుండియో కన్నడమాటతో ఈ సీమకు కాపురమునకు వచ్చిన అవ్వలు అనేకులు. పుట్టినింటివారు మురిపెముతో పిలిచిన పేరు అత్తవారింట ఎవరును ఎఱుగరు.

తగవులు వచ్చినపుడు గుంపుపటమునుండి ఒకరి తలను కత్తిరించు దుర్మార్గము కూడ కనబడుచున్నది. ఆస్తి పంపకములైన తరువాత అన్నదమ్ముల నడుమ కత్తెర పడిన పటము చూచుట మిక్కిలి బాధాకరము. మంథర చిత్రమును రాముడు చెరిపివేయలేదు, చూపు మరల్చెను, అంతియే. చూపదలపని పటమును పెట్టె అడుగున ఉంచుడు. మనుమలకు కావలసివచ్చును.

ఇప్పుడు చరవాణి వచ్చినది. ప్రతివానిచేతిలోను కెమెరా ఉన్నది. ఒక్క పెండ్లికి వేయి పటములు తీయుదురు. వానిని చూచు తీరిక తీసినవానికే లేదు. అఱచేతియంత అద్దములో వ్రేలితో గబగబ త్రోసివేయుచుండగా ముసలివారి కన్నులకు ఒక్క ముఖమైనను ఆనదు. ఫోను చెఱువులో పడినచో పెండ్లియే మునిగిపోవును. సంవత్సరమునకు పది పటములైనను ఎంచి మదనపల్లెలో అచ్చు వేయించి ఇంట ఉంచుట అవసరము. వాట్సాపున వచ్చిన పటము దారిలో సన్నగిల్లి వచ్చును గనుక తీసినవారివద్దనుండి అసలునే తెప్పించుకొనవలెను. బెంగుళూరిలో ఉన్న కొడుకునకు, అమెరికాలో ఉన్న కూతురునకు క్షణములో పంపగలుగుట గొప్పమేలే, కాదనరాదు. అయితే పొరుగింటి ఆడపిల్ల పటమును ఆమె నడుగక పదిమందికి పంపుట మాత్రము మర్యాద కాదు.

ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. ప్రతియేట నవంబరు 14 మొదలు 20 వఱకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో ఒకదినమును పటములకు కేటాయింపవచ్చును. పేరు తెలియని పటములను ఇండ్లనుండి తెచ్చి, బల్లలపై పఱచి, సంఖ్యచీటి ప్రక్కన నుంచవలెను. చందాదారులే కాక ఊరివారెల్లరును, ముఖ్యముగా డెబ్బదియేండ్లు దాటిన అవ్వలును తాతలును, వచ్చి చూడవలెను. ఎవరైనను ముఖమును గుర్తించినచో ఒక దస్త్రమున ఆ సంఖ్యకు ఎదురుగా పేరు, చెప్పినవారి పేరు, తేది వ్రాయవలెను. ఇరువురు వేర్వేరు పేర్లు చెప్పినచో రెండును వ్రాయవలెను. తీర్పు చెప్పుటకు తొందర లేదు. చదువుకొన్న పిల్లలు వ్రాతపనికి కూర్చుందురు. పటములు ఆ సాయంకాలమే యింటికి పోవును. దస్త్రము బీరువాలో నిలుచును.

అవ్వలను తీసికొనివచ్చుటకు ఉదయము తొమ్మిదిగంటలకే బయలుదేరవలెను. మధ్యాహ్నపు యెండకు వారు రాలేరు. బల్లలు కిటికీల ప్రక్కను వేయవలెను, భూతద్దము లొకటి రెండు ఉండవలెను. కన్నడము వ్రాయగలవారొకరు ఆ దినమంతయు అచ్చటనే కూర్చుండవలెను.