చిత్తూరు సీమలో చలికాలం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చలికాలం వానను వెంటబెట్టుకొని వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతం మీదుగా తేమను మోసుకువచ్చే ఈశాన్య రుతుపవనాలు ఇక్కడి చెరువులను నింపుతూ, 2021 నవంబరులో జరిగినట్లు, ఒక్కోసారి తిరుపతి వీధులనే ముంచెత్తుతాయి.

కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది గనుక, దిగువన శ్రీకాళహస్తిలో పలుచని దుప్పటితో గడిచే రాత్రి, 1,200 మీటర్లకు పైనున్న హార్సిలీ కొండపై ఉన్ని శాలువాను కోరుతుంది. సూర్యుడు ధనూరాశిలో సంచరించే ధనుర్మాసంలో, సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే తిరుమల వేకువలు మంచులో మునుగుతాయి. గడ్డకట్టే చలికి పేరుపడ్డ మన్యం ఊరు లంబసింగి వాసులకు ఇది చలిగానే తోచకపోవచ్చు. మదనపల్లె టమాటా రైతుకు మాత్రం ఆకులపై నిలిచే మంచు తేమే ఆకుమాడు తెగులు భయం.