సభ్యత్వం గిట్టుబాటేనా?
(పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికాలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు కాస్ట్‌కో అనే పెద్ద దుకాణం చూశాను. అక్కడ సరుకు కొనాలంటే ముందు సభ్యత్వం కట్టాలి. 2024 సెప్టెంబరు నుండి అది ఏడాదికి 65 డాలర్లు. "కొనకముందే డబ్బు కట్టడమేమిట్రా?" అన్నాను. వాడు లెక్క చెప్పాడు. 130 డాలర్ల సభ్యత్వమైతే చాలా సరుకులపై నూటికి 2 డాలర్లు తిరిగి వస్తాయి. ఎక్కువ కట్టిన 65 డాలర్లు రాబట్టాలంటే ఏడాదికి 3,250 డాలర్ల సరుకు కొనాలి. అంత వాడకం లేని ఇంటికి అది దండుగే.

మన సంఘంలో కట్టేది రుసుము కాదు, వాటాధనం. అది మీ పేరనే ఉంటుంది, ఓటు హక్కు ఇస్తుంది. అయినా లెక్క మాత్రం ఒకటే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది దుకాణం పెట్టుకున్నప్పుడే, మిగులును ఎవరి కొనుగోలును బట్టి వారికి పంచారు. మన బోనసు కూడా పోసిన పాలను బట్టే.

ఒక వేసవిలో లీటరుకు రెండు రూపాయలు ఎక్కువని నేనూ బయటి వ్యాపారికి పాలు పోశాను. వానలు పడి పాలు పెరగగానే అతను రావడం మానేశాడు. ఆ ఏడు బోనసు పట్టీలో నా పేరెదుట అంకె చూసి తలవంచుకున్నాను.

కనుక ఇంటికి వెళ్ళి పాల పుస్తకం తీయండి. ఏడాదిలో ఎన్ని రోజులు సంఘానికి పాలు పోశారో లెక్కించండి. సభ్యత్వం గిట్టుబాటో కాదో అదే చెబుతుంది.