ఉపసంహార మెఱుగని అస్త్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఈ సభలో భారతమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కొందఱును, ప్రజలకు పనికివచ్చు ఆరోగ్యవిషయ మేదైన చెప్పుమని కొందఱును నన్ను కోరిరి. ఉభయుల కోరికయు నొక్క ప్రసంగముననే తీర్ప యత్నించెదను.

సౌప్తికపర్వకథ మీ రెఱిగినదే. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగింపగా, అర్జునుడు ప్రత్యస్త్రమును విడిచెను. మునులు వారింపగా అర్జునుడు తన యస్త్రమును మరలించుకొనెను. అశ్వత్థామకు ప్రయోగము తెలియును గాని ఉపసంహారము తెలియదు. తుద కా యస్త్రము పాపమెఱుగని గర్భస్థశిశువుపై బడెను. మన శరీరమునందును ఇట్టి యనర్థమువలన కలుగు వ్యాధులు కలవు. వానిలో మన గ్రామములందు కనబడునది, వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పిలుచు కీళ్లవాతము.

ఇది పురుషులకంటె స్త్రీలకు రెండు మూడురెట్లు హెచ్చుగా వచ్చును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నాట్లు వేసియు, కలుపు తీసియు, మిరపకాయలు కోసియు బ్రతుకు స్త్రీలకు చేతివ్రేళ్లే ఆస్తి. ఆ వ్రేళ్లు వంకరపోయినచో కూలియు పోవును, వంటయు సాగదు.

వయసు మీఱినవారి కీళ్ల యరుగుదల వేఱు, ఈ వ్యాధి వేఱు. అరుగుదల నొప్పి పనిచేసినకొలది హెచ్చి, విశ్రాంతిచే తగ్గును. కీళ్లవాతమునందు సాధారణముగా తెల్లవాఱి లేవగానే వ్రేళ్లు బిగిసియుండి, గంటసేపటికి గాని సడలవు. తఱచు రెండుచేతుల కణుపులును వాచును. నడివయసువారికేగాక పడుచువారికిని రావచ్చును.

ఇక దీని మూలమును చూతము. ఒంటిలో క్రిములు ప్రవేశించినపుడు రక్తమందలి తెల్లకణములు ఒకదానికొకటి వార్త పంపుకొనును. ఆ వార్తలను మోయు చిన్న మాంసకృత్తులకు సైటోకైనులని పేరు. 1974లో స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. ఇవి రక్తనాళములను వెడల్పుచేసి, రక్షకకణములను పోరుచోటికి పిలుచును. అవసరమైనచో జ్వరము పుట్టించును. కాలిలో ముల్లు దిగినచోట ఎఱుపు, వేడి, వాపు, నొప్పి కలుగుట వీని ప్రేరణవలననే. అది శత్రువును తఱుముటకు జరుగు పోరు.

ముల్లు పోయిన పిదప ఆ పిలుపులు ఆగవలెను. ఆపుటకును వేఱుగ కణములు కలవు. వీనికి నియంత్రక టి-కణములని పేరు. వీనినిగూర్చిన పరిశోధనలకు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచి అను మువ్వురికి 2025లో నోబెల్ బహుమానము లభించెను. శరీరమునకు ప్రయోగ మెంత ముఖ్యమో ఉపసంహార మంత ముఖ్యమని ఈ పరిశోధనలు చాటినవి.

ఈ యడ్డు తప్పినపుడు కంచెయే చేను మేయును. కీలులోని పలుచని పొరను రక్షకకణములు పరాయిదిగా భ్రమించి పైబడును. అచ్చట టీ.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అను సైటోకైనులు పుట్టును. ఒకటి మఱియొకదానిని పిలుచును. అది తిరిగి మొదటిదానిని హెచ్చించును. పొర ఉబ్బి మృదులాస్థిని కఱచును. ఎముకను తినుకణములు రేగి ఎముకను గుల్లచేయును. ఇట్లు పోయిన ఎముక మరల మునుపటివలె రాదు. కనుక మొదటి నెలలలోనే వైద్యము చేయింపవలెను.

మఱియొక విషయము. ఇంటర్‌ల్యూకిన్-6 కీలుతో నిలువక రక్తములో కలిసి కాలేయమును చేరును. ఒంటిలో ఇనుమున్నను అది రక్తమునకు చాలినంత అందకుండ చేయును. అందుచే రోగి పాలిపోయి నీరసించును. “వ్రేళ్లు వాచినవి సరే, నడుము వాల్చుట దేనికే?” అని కోడలిని దెప్పు అత్తలు ఈ మాట గ్రహింతురు గాక! ఆ నీరసము సోమరితనము గాదు, పూర్వజన్మ పాపమును గాదు, వ్యాధిలోని భాగమే.

అస్త్రమున కెదురు ప్రత్యస్త్రమున్నది. లండనులో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైని అను వైద్యశాస్త్రజ్ఞులు టీ.ఎన్.ఎఫ్.ను పట్టి యాపు మందును 1992లో రోగులకిచ్చి చూచిరి. ఆ యొక్క వార్తను అడ్డగింపగనే తక్కిన వార్తలును తగ్గి, వాపులు తీసెను. అయితే ఆ టీ.ఎన్.ఎఫ్.యే క్షయక్రిమిని కట్టడిచేయు కావలి. కావున ఈ మందుల కారంభింపకమున్ను క్షయ పరీక్ష చేయింపవలెను. వీని వెలయు హెచ్చు.

అయినను మొదట వాడు మందు చౌకది. మన తెలుగువాని పేరుతో ముడివడినది. 1895లో భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసులో వైద్యము చదివి అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకులైరి. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేటులను తయారుచేసిరి. ఇవి తొలుత రక్తపుకాన్సరునకు ఉద్దేశింపబడినవి. 1948లో సుబ్బారావుగారు గతించిరి. 1951లో గబ్నర్ అను వైద్యుడు అమినోప్టెరిన్ కీళ్లవాతమును తగ్గించుటను ప్రకటించెను. పిమ్మట మెథోట్రెక్సేటు నిలిచి, 1988లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందెను. నేడు లోకమంతటను కీళ్లవాతమునకు మొదట వాడు మందులలో నిదియే ముఖ్యము.

ఇచ్చటనే గ్రంథాలయముతో పని యున్నది. కీళ్లవాతమునకు మెథోట్రెక్సేటును వారమునకొక్క దినము మాత్రమే పుచ్చుకొనవలెను. తక్కిన మాత్రలవలె దినదినమును మ్రింగినచో నోరు పూయును, ఎముకలోని మూలుగ దెబ్బతిని రక్తకణములు పడిపోవును, ప్రాణమే పోవచ్చును. వైద్యుడు చీటిలో “వారమునకొకసారి” అని వ్రాసినను, చదువురాని తల్లికి చదివి చెప్పువారు లేకున్న ఆ వ్రాత వ్యర్థము. మందుపొట్లముపై “సోమవారము” అనియో “గురువారము” అనియో పెద్ద యక్షరములతో తెలుగున వ్రాసి యిచ్చుట ఒక ప్రాణమును కాచుట. మందుదినము కాని దినములలో వైద్యుడు ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిచ్చును. రెండును తాఱుమాఱు కాకూడదు. గర్భిణులీ మందు తాకరాదు. సంతానము కోరువారు ముందుగానే వైద్యునికి చెప్పవలెను. మద్యము మానవలెను. రక్తపరీక్షలు తప్పరాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు ఈ వ్యాధిని పెంచునని గుర్తుంచుకొనవలెను.

ఇంకొక హెచ్చరిక. ఊరూరను తిరిగి పేరులేని మాత్రల నమ్మువారిచేత మోసపోవలదు. రాత్రి మ్రింగగా తెల్లవాఱులోపల నొప్పి మాయమైనచో అందులో స్టెరాయిడు ఉండవచ్చును. వైద్యుని పర్యవేక్షణలో కొలది దినములు స్టెరాయిడు మంచి మందే; తెలియక నెలలతరబడి వాడిన చక్కెరవ్యాధి రేగును, ఎముకలు పెళుసగును. చిరకాలము వాడినదానిని హఠాత్తుగా మానుటయు ప్రమాదమే. వైద్యుని చెప్పుచేతలలోనే తగ్గింపవలెను.

పాలకవర్గమువారికి నా మనవి యొక్కటి. వారమున కొక సాయంత్రము గ్రంథాలయములో చదువరులొకరు కూర్చుండి, ఎవరు మందుచీటి తెచ్చినను తెలుగున విడమఱచి చెప్పి, పొట్లముపై దినము వ్రాసి యిత్తురు గాక. దానికి క్రొత్త బీరువా యక్కఱలేదు, ధనమక్కఱలేదు. ఒక బల్లయు, ఒక కలమును, ఓపికయు చాలును.