తర్పణం దాకా ఆగొద్దు



మహాభారతంలో స్త్రీపర్వం చివర ఒక ఘట్టం ఉంది. యుద్ధం అయిపోయింది. గంగ ఒడ్డున పోయినవాళ్లందరికీ తర్పణాలు వదులుతున్నారు. అప్పుడు కుంతి నోరు విప్పింది, కర్ణుడికీ వదలమని, అతను మీ అన్నేనని. ధర్మరాజు కుమిలిపోయాడు. రాజ్యం చేతికొచ్చింది, అన్న మాత్రం లేడు.

పాపం, ఆయనకి ముందు తెలీదు. మనకి తెలుసు కదండీ, అవతలున్నది మన అన్నే అని! అయినా గట్టు తగువనో, పెళ్లిలో మర్యాద జరగలేదనో ఏళ్లకేళ్లు మాట్లాడం. పోయాడని కబురొస్తే మాత్రం రాత్రికి రాత్రే బస్సెక్కుతాం. ఆ బస్సేదో ముందే ఎక్కొచ్చు కదా!

తప్పెవరిదో తేలాకే మాట్లాడతానంటే, అది ఎప్పటికీ తేలదు. పొలం కేసు కోర్టులో నడుస్తుంటే నడవనివ్వండి, దానికోసం మాట మానెయ్యక్కర్లేదు. ఫోన్ చేసి పాత లెక్కలు తియ్యకండి. "అన్నయ్యా, ఒంట్లో ఎలా ఉంది?" అనండి, చాలు. పెట్టేశాడా? కొన్నాళ్లాగి మళ్లీ చెయ్యండి.

కొట్టి హింసించినవాళ్ల గడప తొక్కమని మాత్రం నేను చెప్పను. అది వేరే సంగతి. మిగతావాళ్లు ఇవాళే ఆ నంబరు నొక్కండి.