మనిషికి ఎన్ని గ్రాముల పప్పు?

(గాంధారి మండల గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశమనగానే రోడ్లు, మురుగుకాలువలు, నల్లాలు, వీధిదీపములు జ్ఞప్తికి వచ్చుట సహజము. నేడు నేను వానిలో దేనిని గూర్చియు మాటలాడను. మన దేశమున మనిషికి దినమునకు ఎంత పప్పు లభించుచున్నది, ఆ లెక్క డెబ్బది ఏండ్లుగా ఎట్లు మారుచు వచ్చినది, గాంధారి చేలకు దానితో గల సంబంధమేమి అను విషయమును మీ ముందుంచెదను. ప్రచార శాఖవాడు అంకెలు తెచ్చినాడని మీరు నవ్వుకొనవచ్చును. ఈ అంకెలు మీ బడిపిల్లల పళ్లెములదాక వచ్చునవి గనుక కొంచెము ఓపికతో వినగోరుచున్నాను.

ముందు ఈ లెక్క కట్టు విధము తెలిసికొందము. దేశమున పండిన పంటలో విత్తనమునకు, పశువుల దాణాకు, తరుగునకు నూటికి పండ్రెండున్నర పాళ్లు తీసివేయుదురు. మిగిలినదానికి విదేశములనుండి వచ్చినది కలిపి, బయటకు పోయినది తీసివేసి, ప్రభుత్వ గిడ్డంగుల నిల్వలలోని హెచ్చుతగ్గులను సరిచూచి, జనాభాతోను సంవత్సరములోని దినములతోను భాగింతురు. వచ్చినదే తలసరి లభ్యత. ఇది తిన్న లెక్క కాదు, తినుటకు దొరకిన లెక్క. పట్టణపు ధనికుని పళ్లెమును, తండాలోని కూలివాని పళ్లెమును కలిపి పంచినట్టి సగటు. కావున ఎవరు ఎంత తినిరో దీనివలన తెలియదు. ఏటేటికి లభ్యత పెరుగుచున్నదో తరుగుచున్నదో మాత్రము తెలియును.

1951లో ఈ లెక్క 60.7 గ్రాములు. 1961 నాటికి 69 గ్రాములైనది. అక్కడినుండి దిగుట మొదలు. 1971లో 51, 1981లో 37.5. 1991లో కొంచెము లేచి 41.6 అయి, 2001లో 30 గ్రాములకు పడిపోయినది. తాతకు దొరకిన పప్పులో మనుమనికి సగమైనను దొరకలేదన్నమాట.

కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. 1960-61లో దేశమున పండిన పప్పుధాన్యములు 127 లక్షల టన్నులు. నలువది ఏండ్ల తరువాత, 2000-01లో, సుమారు 111 లక్షల టన్నులు. ఈ నడుమ జనాభా 44 కోట్లనుండి 103 కోట్లకు పెరిగినది. అదే కాలమున గోధుమలు 110 లక్షల టన్నులనుండి 697 లక్షలకు, బియ్యము 346 లక్షలనుండి 850 లక్షలకు పెరిగినవి. అమెరికా గోధుమల ఓడలకొరకు ఎదురుచూచిన దినములను ఎరిగినవారెవరును దీనిని తప్పుపట్టజాలరు. నీరు, ఎరువు, మద్దతు ధర, కొనుగోలు కేంద్రము అన్నియు ఆ రెండు పంటల వెంట నడచినవి. పప్పు పంటలకు మిగిలినది వానను నమ్ముకొన్న మెట్ట. పంజాబు, హర్యానాలలో శనగ చేలు గోధుమ చేలైనవి. శనగ దక్షిణమునకు దిగివచ్చి, జె.జి.11 రకముతో కర్నూలు, ప్రకాశము జిల్లాల నల్లరేగళ్లలో స్థిరపడుట ఈ కథలో ఒక మంచి మలుపు.

ఇక మన ప్రాంతము మాట. 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల నీరు బాన్సువాడ, బోధను వైపు పారి, అచ్చట వరిని, చెరకును పెంచినది. గాంధారివంటి మెట్ట పల్లెలలో జొన్న, దాని సాళ్ల నడుమ కంది, పెసర, మినుము సాగినవి. జొన్న గట్కయు పప్పును ఒకే చేనినుండి వచ్చెడివి. బోర్లు వచ్చినవి, 2018 జనవరినుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది, వరి మెట్టకెక్కినది. మక్క, పత్తి, సోయా చిక్కుడు జొన్న స్థానమును ఆక్రమించినవి. జొన్న పోవుటతో దాని నడుమనున్న కంది సాలు కూడ పోయినది. ఈ రెండవ నష్టమును ఎవరును లెక్క వ్రాసికొనలేదు.

సోయా కూడ పప్పుజాతిదే కదా యని మీలో కొందరనవచ్చును. మొక్కను చూచిన నిజమే. కాని ప్రభుత్వ లెక్కలలో అది నూనెగింజ. నూనె తీయగా మిగిలిన చెక్కలో అధికభాగము కోళ్ల దాణాకును, ఎగుమతికిని పోవును. పెసర చేను సోయా చేనైన దినమున ఆ ఎకరము పప్పు పద్దునుండి తొలగిపోవుచున్నది. రైతును నిందింపను. ధర పలుకు పంటను వేయుట అతని హక్కు. అడవి అంచు చేలలో కంది వేసిన, కోతులు, అడవిపందులు ఎంత మిగుల్చునో మీకు తెలియును.

2011 నాటికి లభ్యత 43 గ్రాములకు లేచినది. అందులో కొంత విదేశముల ధాన్యము. మన కందిపప్పులో బర్మా, మొజాంబిక్, టాంజానియా కందులు కలియుచున్నవి. 2015-16లో వానలు లేక పంట 163 లక్షల టన్నులకు తగ్గగా, కొన్ని పట్టణములలో కందిపప్పు కిలో 200 రూపాయలైనది. ధర చూచి రైతులందరు కంది వేసిరి. మరుసటి ఏడు 231 లక్షల టన్నులు పండినవి. విదేశములనుండి మరి 66 లక్షల టన్నులు దిగినవి. 2017 ఆరంభమున మార్కెటు యార్డులలో కందుల ధర మద్దతు ధర 5,050 రూపాయల క్రిందికి జారినది. కొనువాడు ఒక ఏడు, పండించినవాడు మరియొక ఏడు ఏడ్చిరి.

ఇప్పుడు బడి పళ్లెము చూతము. మధ్యాహ్న భోజనములో ప్రాథమిక పాఠశాల బిడ్డకు 20 గ్రాములు, పై తరగతుల బిడ్డకు 30 గ్రాములు పప్పు వేయవలెనని నియమము. 2015-16లో ప్రాథమిక తరగతి బిడ్డకు కేంద్రము నిర్ణయించిన వంట ఖర్చు 3 రూపాయల 86 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పు, కట్టెలు అన్నియు అందులోనే. కిలో 200 రూపాయల ధరకు 20 గ్రాముల పప్పే 4 రూపాయలు! వంట చేయు స్త్రీ ఏమి చేయగలదు? నీరు పోయును. దేశపు తరుగు గిన్నెలో పప్పుచారై కనిపించును. 2025 మేనుండి ఆ ఖర్చు 6 రూపాయల 78 పైసలైనది. ధర పెరిగినపుడెల్ల ఈ చిక్కు మరల వచ్చును.

బియ్యమునకు లోటు లేదు. చౌకధరల దుకాణములో 2025 ఏప్రిల్‌నుండి మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. పప్పు మాత్రము బజారులోనే కొనవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో పప్పులు, గ్రుడ్లు, మాంసము కలిసి దినమునకు 85 గ్రాములు ఉండవలెనన్నది. గ్రుడ్డు, మాంసము దినదినము కొనలేని ఇంటికి ఆ భారము పప్పుమీదనే పడును.

పంచాయతీ చేయదగిన పనులు పెద్దవి కావు. నెలకొకసారి బడికి పోయి, హాజరు పట్టిక చూచి, పప్పు తూచి చూడుడు: ప్రాథమిక తరగతులలో నలువదిమంది పిల్లలున్న 800 గ్రాములు కావలెను. తరుగు కనిపించిన వంట స్త్రీలను గద్దింపకుడు. వారి బిల్లులు ఎన్ని నెలలుగా ఆగినవో అడుగుడు. అంగన్‌వాడీలో గర్భిణీ స్త్రీకి పూటకు 30 గ్రాముల పప్పు అందుచున్నదా యని విచారింపుడు. పత్తి వేయు రైతులతో నాలుగు లేక ఆరు సాళ్లకొక కంది సాలు వేయించుడు. ఇంటి పప్పునకు అది చాలును. ఎండుతెగులును తట్టుకొను రకములను వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి వేయుట మేలు.

2025 అక్టోబరులో కేంద్రము పప్పుధాన్యముల స్వావలంబనకు 11,440 కోట్ల రూపాయలతో ఆరేండ్ల పథకము ఆరంభించి, కంది, మినుము, మసూరులను నమోదైన రైతులవద్ద మద్దతు ధరకు నాలుగేండ్లపాటు పూర్తిగా కొందుమని చెప్పినది. 2025-26 పంటకు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. కాని పంట నమోదులో పేరు లేని రైతునుండి కొనుగోలు కేంద్రమువారు తీసికొనరు. విస్తరణాధికారి నమోదుకు వచ్చినపుడు పత్తి పేరుతోబాటు నడుమనున్న కంది సాలును కూడ వ్రాయించుడు. గ్రామసభలో ఈ మాటను దండోరా వేయించి చెప్పుడు. తండాలలో విడిగా మరియొకసారి చెప్పించుడు.