జట్టు పగ్గాలు ఎవరి చేతిలో?
ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బులు, యజమానులు, తొలితరం మేనేజర్లు

ఫుట్‌బాల్ క్లబ్బులో రెండు అధికారాలు ఉంటాయి. డబ్బు పెట్టి క్లబ్బును నిలబెట్టే అధికారం ఒకటి, ఆటగాళ్లను ఎంచి ఆడించే అధికారం మరొకటి. ఇంగ్లండులో క్లబ్బులు పుట్టిన కాలంలో ఈ రెండూ కలిసే ఉండేవి. రెండోది ఆట తెలిసిన ఒక్క మనిషికి పూర్తిగా దక్కడానికి సుమారు అర్ధ శతాబ్దం పట్టింది. ఆ మార్పు వెనక మిల్లు యజమానులు, బీరు వ్యాపారులు, భవన నిర్మాతలు ఉన్నారు. వారి పక్కనే గుమాస్తాలుగా మొదలై ఆట స్వరూపాన్నే మార్చేసిన మేనేజర్లూ ఉన్నారు.

పెద్దింటి ఆట, మిల్లు ఊళ్ల ఆట

1863లో లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. తొలి ఇరవై ఏళ్లూ ఆట మీద పెత్తనం సంపన్న కుటుంబాల బడుల్లో చదివినవారిదే. ఆడినందుకు డబ్బు తీసుకోవడం వారి దృష్టిలో తప్పు. అసోసియేషన్ నిర్వహించే ఎఫ్.ఎ. కప్ 1883 ఫైనల్లో ఈ లెక్క తారుమారైంది. లాంకషైర్ నుంచి వచ్చిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు అదనపు సమయంలో ఈటన్ బడి పూర్వ విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌ను 2–1తో ఓడించింది. గెలిచిన జట్టులో మిల్లుల్లో, ఫౌండ్రీల్లో పనిచేసే కార్మికులు ఉన్నారు. ఆ జట్టుకు డబ్బు పెట్టింది సిడ్నీ యేట్స్ అనే ఇనుప ఫౌండ్రీ యజమాని. ఆట నేర్పింది జాక్ హంటర్. ఆయన జట్టును సముద్రతీర పట్టణం బ్లాక్‌పూల్‌కు తీసుకెళ్లి, కొన్నాళ్లు అక్కడే ఉంచి తర్ఫీదు ఇచ్చాడు. పోటీకి ముందు ఆటగాళ్లను ఒకచోట చేర్చి సిద్ధం చేయడం అప్పటికి కొత్త. డబ్బు ఒకరిది, శిక్షణ మరొకరిది అన్న పొత్తు ఈ చిన్న క్లబ్బులోనే స్పష్టంగా కనిపిస్తుంది.

సడెల్: రెండు అధికారాలూ ఒక్కడివే

ప్రెస్టన్‌లో నూలు మిల్లు మేనేజరుగా ఉన్న విలియం సడెల్ ఈ రెండు పనులూ తానే చేశాడు. స్కాట్లండ్ నుంచి మంచి ఆటగాళ్లను పిలిపించి, ఊళ్లో ఉద్యోగాలు చూపి, చాటుగా జీతాలిచ్చి జట్టు కట్టాడు. 1884లో అప్టన్ పార్క్ క్లబ్బు దీనిపై ఫిర్యాదు చేసింది. సడెల్ దాచకుండా ఒప్పుకున్నాడు. ప్రెస్టన్‌ను కప్ నుంచి తొలగించారు. ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరే సంఘం పెట్టుకుంటామని పట్టుబట్టడంతో 1885 జులైలో అసోసియేషన్ వృత్తి ఆటగాళ్లకు అనుమతి ఇచ్చింది.

సడెల్ జట్టు 1887లో హైడ్ క్లబ్బును 26–0తో ఓడించింది. 1888–89లో, అప్పుడే మొదలైన ఫుట్‌బాల్ లీగ్ తొలి ఏడాది 22 మ్యాచ్‌ల్లో 18 గెలిచి, నాలుగు డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా విజేత అయింది. అదే ఏడాది ఒక్క గోలూ ఇవ్వకుండా కప్ కూడా గెలుచుకుంది. అయితే ఈ వైభవానికి అయిన ఖర్చులో మిల్లు సొమ్ము కూడా ఉంది. లెక్కలు తారుమారు చేసిన నేరానికి 1895లో సడెల్‌కు మూడేళ్ల జైలు శిక్ష పడింది. ఖర్చు చేసేవాడూ జట్టును నడిపేవాడూ ఒక్కడే అయితే, గెలవాలన్న ఆరాటాన్ని ఆపేవాళ్లు ఉండరు. సడెల్ పతనం చెప్పేది ఇదే.

లీగ్, సెక్రటరీల కాలం

వృత్తి ఆటగాళ్లకు ప్రతివారం జీతం ఇవ్వాలి. ప్రతివారం జీతం ఇవ్వాలంటే ప్రతివారం టికెట్ల డబ్బు రావాలి. అయితే కప్ పోటీల వల్ల మామూలు మ్యాచ్‌లు చివరి నిమిషంలో రద్దయ్యేవి. బర్మింగ్‌హామ్ దగ్గర ఆస్టన్‌లో బట్టల కొట్టు నడిపే స్కాట్లండ్ మనిషి విలియం మెక్‌గ్రెగర్ దీనికి మందు కనిపెట్టాడు. 1888 మార్చి 2న కొన్ని క్లబ్బులకు ఉత్తరం రాసి, ముందే నిర్ణయించిన తేదీల్లో ఒకరితో ఒకరు ఆడే పద్ధతి సూచించాడు. ఆ సెప్టెంబరులో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది.

మెక్‌గ్రెగర్ క్లబ్బు ఆస్టన్ విల్లా 1886లోనే జీతం తీసుకునే ఉద్యోగిగా జార్జ్ రామ్సేను నియమించుకుంది. పేరుకు సెక్రటరీ. ఉత్తరాలు, ఖాతాలు, ప్రయాణాలు, ఆటగాళ్ల చేరికలు అన్నీ ఆయనే చూసేవాడు. 1926 దాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆ కాలంలో విల్లాకు ఆరు లీగ్ టైటిళ్లు, ఆరు కప్‌లు వచ్చాయి. సండర్‌లండ్‌లో టామ్ వాట్సన్ 1892, 1893, 1895ల్లో మూడు టైటిళ్లు గెలిపించి, లివర్‌పూల్‌కు వెళ్లి 1901, 1906ల్లో మరో రెండు తెచ్చాడు. అయినా శనివారం ఎవరు ఆడాలన్నది చాలా క్లబ్బుల్లో డైరెక్టర్ల కమిటీయే తేల్చేది. సెక్రటరీకి పని ఎక్కువ, అధికారం తక్కువ.

బీరు వ్యాపారుల క్లబ్బులు

క్లబ్బులు పరిమిత కంపెనీలుగా మారాక అసోసియేషన్ డివిడెండ్‌ను 5 శాతానికి మించనివ్వలేదు. డైరెక్టర్లు జీతం తీసుకోకూడదని కూడా నియమం పెట్టింది. కాబట్టి క్లబ్బు మీద నేరుగా లాభం తీసే వీలు తక్కువ. లాభం పక్కదారిన వచ్చేది: మైదానం అద్దె, బీరు అమ్మకం, ఊళ్లో పలుకుబడి, ఎన్నికల్లో పేరు.

లివర్‌పూల్ నగరంలో బ్రూవరీ యజమాని జాన్ హౌల్డింగ్ కథ దీనికి ఉదాహరణ. ఎవర్టన్ క్లబ్బు 1884 నుంచి ఆయన అధీనంలోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఆడేది. అద్దె పెరుగుతూ పోయింది. మైదానంలో తినుబండారాలు, పానీయాలు అమ్మే హక్కు ఆయనదే. చివరకు 1892లో సభ్యులు తిరగబడి క్లబ్బును గుడిసన్ పార్క్‌కు తరలించారు. హౌల్డింగ్‌కు మైదానం మిగిలింది, జట్టు పోయింది. ఖాళీ మైదానం కోసం ఆయన కొత్త క్లబ్బే పెట్టాడు. అదే లివర్‌పూల్.

మాంచెస్టర్‌లో రైల్వే కార్మికులు 1878లో పెట్టుకున్న న్యూటన్ హీత్ క్లబ్బు 1902 నాటికి అప్పుల్లో మునిగింది. మరో బ్రూవరీ యజమాని జాన్ హెన్రీ డేవీస్ దాన్ని ఆదుకున్నాడు. క్లబ్బు పేరు మాంచెస్టర్ యునైటెడ్‌గా మారింది. సెక్రటరీ ఎర్నెస్ట్ మాంగ్నల్ కట్టిన జట్టు 1908, 1911ల్లో లీగ్, 1909లో కప్ గెలిచింది. డేవీస్ డబ్బుతో 1910లో ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం వెలిసింది.

1901 నుంచి ఆటగాడి జీతం వారానికి నాలుగు పౌండ్లు దాటకూడదన్న నిబంధన అమలైంది. ఎక్కువ జీతం ఆశ చూపి చట్టబద్ధంగా ఎవర్నీ లాక్కోవడం కుదిరేది కాదు. అందువల్ల మంచి మైదానం, బదిలీకి చెల్లించే సొమ్ము, మంచి నిర్వహణ మీదే పోటీ సాగింది. మేనేజరు విలువ పెరగడానికి ఇది పెద్ద కారణం.

నారిస్, చాప్‌మన్

లండన్‌లో ఇళ్లు కట్టి అమ్మే హెన్రీ నారిస్ 1910లో వూలిచ్ ఆర్సెనల్ క్లబ్బును చేతిలోకి తీసుకున్నాడు. థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న ఆ క్లబ్బుకు జనం రావడం లేదు. 1913లో ఆయన దాన్ని ఉత్తర లండన్‌లోని హైబరీకి తరలించాడు. స్థలం ఒక క్రైస్తవ మత కళాశాలది. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ రోజుల్లో ఆడకూడదన్న షరతు మీద లీజుకు ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919లో లీగ్ మొదటి డివిజన్‌ను విస్తరించినప్పుడు ఆర్సెనల్ పొరుగు క్లబ్బు టోటెన్‌హామ్‌ను 18–8 ఓట్లతో వెనక్కి నెట్టి పై మెట్టు ఎక్కింది. రెండో డివిజన్‌లో అయిదో స్థానంలో నిలిచిన జట్టుకు ఈ గౌరవం దక్కడం వెనక నారిస్ మంత్రాంగం ఉందన్న విమర్శ ఇప్పటికీ ఉంది.

1925లో ఆయన మేనేజరు కోసం పత్రికలో ప్రకటన ఇచ్చాడు. భారీ బదిలీ సొమ్ముతోనే జట్టు కట్టగలనని అనుకునేవారు దరఖాస్తు పెట్టనక్కర్లేదని అందులో స్పష్టం చేశాడు. వచ్చిన మనిషి హెర్బర్ట్ చాప్‌మన్.

చాప్‌మన్ 1878లో కివెటన్ పార్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో గని కార్మికుడి కొడుకుగా పుట్టాడు. గనుల ఇంజనీరింగ్ చదివాడు. మేనేజరుగా నార్తాంప్టన్‌ను 1909లో సదరన్ లీగ్ విజేతగా నిలిపాడు. తర్వాత చేరిన లీడ్స్ సిటీ, యుద్ధకాలంలో అక్రమ చెల్లింపుల ఆరోపణలపై 1919లో లీగ్ నుంచి వెలి అయింది. ఆయన మీదా నిషేధం పడింది. దాన్ని ఎత్తేశాక 1921లో హడర్స్‌ఫీల్డ్ చేరి, 1922లో కప్, 1924, 1925ల్లో లీగ్ గెలిపించాడు.

ఆయన ఆర్సెనల్‌కు వచ్చిన వేసవిలోనే ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతకుముందు బంతి అందుకునే ఆటగాడికీ గోలు గీతకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి. ఇకపై ఇద్దరు చాలు. మొదటి డివిజన్‌లో గోల్స్ ఏడాదిలో 1,192 నుంచి 1,703కు ఎగబాకాయి. 1925 అక్టోబరు 3న న్యూకాసిల్ చేతిలో ఆర్సెనల్ 7–0తో చిత్తయింది. సీనియర్ ఆటగాడు చార్లీ బ్యూకన్ ఒక మార్పు కోసం పట్టుబట్టాడు. అప్పటిదాకా మైదానం మధ్యలో స్వేచ్ఛగా తిరిగే సెంటర్ హాఫ్‌ను ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమకు దింపి, ఆ ఖాళీని ఒక ఫార్వర్డ్ వెనక్కి వచ్చి పూరించాలి. చాప్‌మన్ ఒప్పుకున్నాడు. రెండు రోజులకే వెస్ట్ హామ్‌పై జట్టు 4–0తో గెలిచింది. తరువాతి ఏళ్లలో చాప్‌మన్ దీన్ని పూర్తి వ్యూహంగా తీర్చిదిద్దాడు. ప్రత్యర్థిని ముందుకు రానిచ్చి, బంతి గుంజుకుని, అలెక్స్ జేమ్స్ పాస్‌తో మైదానం రెండు అంచుల్లో ఉన్న హ్యూమ్, బాస్టిన్‌లకు అందించి మెరుపుదాడి చేయడం ఆ వ్యూహం.

జట్టు ఎంపికలో చాప్‌మన్ మాటే చివరి మాట అయింది. బల్ల మీద మైదానం నమూనా పెట్టి ఆటగాళ్లతో చర్చించేవాడు, వారి అభిప్రాయమూ అడిగేవాడు. గాయాల చికిత్స టామ్ విట్టేకర్‌కు అప్పగించాడు. 1928లో చొక్కాల మీద అంకెలు వేయించాడు. లీగ్ దాన్ని తప్పనిసరి చేసింది 1939లో. ఫ్లడ్‌లైట్ల కోసం వాదించాడు. 1932లో గిలెస్పీ రోడ్ భూగర్భ రైల్వే స్టేషన్‌కు ఆర్సెనల్ అని పేరు పెట్టించాడు.

ఈలోగా యజమాని పడిపోయాడు. క్లబ్బు డబ్బును సొంతానికి వాడుకున్నాడని అసోసియేషన్ విచారణలో తేలి, నారిస్ ఆటకు శాశ్వతంగా దూరమయ్యాడు. అప్పటికే చాప్‌మన్ చేతిలో పని నిలదొక్కుకుంది. 1928లో డేవిడ్ జాక్ కోసం క్లబ్బు 10,890 పౌండ్లు చెల్లించింది. 1930లో కప్, 1931లో 127 గోల్స్‌తో లీగ్, 1933లో మళ్లీ లీగ్ వచ్చాయి. దక్షిణాది క్లబ్బు లీగ్ గెలవడం 1931లోనే మొదలు. 1934 జనవరి 6న న్యుమోనియాతో చాప్‌మన్ కన్నుమూశాడు. ఆయన కట్టిన జట్టు 1934, 1935ల్లోనూ గెలిచి వరసగా మూడు టైటిళ్లు పూర్తి చేసింది.

కమిటీల చివరి రోజులు

1933 మేలో ఇంగ్లండు జట్టు రోమ్ వెళ్లినప్పుడు చాప్‌మన్ అనధికారికంగా మేనేజరు బాధ్యత చూశాడు. ఇటలీతో మ్యాచ్ 1–1తో ముగిసింది. అయినా జాతీయ జట్టు ఎంపికను అసోసియేషన్ కమిటీ వదులుకోలేదు. క్లబ్బుల్లో మాత్రం ఆయన దారి నిలిచింది. 1945లో మాంచెస్టర్ యునైటెడ్ అధ్యక్షుడు జేమ్స్ గిబ్సన్ మాట్ బస్బీని మేనేజరుగా పిలిచినప్పుడు, జట్టు వ్యవహారాల్లో పూర్తి స్వేచ్ఛ ఉంటేనే వస్తానని బస్బీ షరతు పెట్టాడు. 1946లో జాతీయ జట్టుకు మేనేజరుగా వచ్చిన వాల్టర్ వింటర్‌బాటమ్‌కు ఆ స్వేచ్ఛ లేదు. 1962లో నియమితుడైన ఆల్ఫ్ రామ్సే ఎంపిక తన ఒక్కడి చేతిలో ఉండాలని కోరి సాధించుకున్నాడు. నాలుగేళ్లకు, 1966లో ఇంగ్లండు ప్రపంచ కప్ గెలిచింది. చాప్‌మన్ క్లబ్బులో స్థాపించిన సూత్రం జాతీయ జట్టుకు చేరడానికి ఆయన మరణం తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.