కాగితంలో లేని ఎండ

ఈ ఉదయంతో డాక్టర్లైన మీ అందరికీ అభినందనలు. గౌన్లలో ఉడికిపోతున్నారు, తొందరగానే ముగిస్తాను.

2015 మేలో ఒక మధ్యాహ్నం నేను క్యాజువాలిటీ డ్యూటీలో ఉన్నాను. ఉపాధి పనికెళ్లి చెరువుగట్టు మీద కూలబడిన పెద్దావిడను ఆటోలో తెచ్చారు. కొంగుముడిలో బీపీ మాత్రల పట్టీ ఉంది. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు, మాట తడబడుతోంది. సెలైన్ పెట్టాం. అరగంటలో పోయింది. థర్మామీటర్ పెట్టాలన్న ధ్యాసే నాకు రాలేదు. మరణ సర్టిఫికెట్‌లో కారణం గడిలో ‘కార్డియోరెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి సంతకం చేశాను. గుండె ఆగకుండా చచ్చేదెవరు చెప్పండి? ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ లెక్కల్లో వడదెబ్బ మృతులు వెయ్యి దాటారు. ఆవిడ అందులో లేదు.

ఎండా పొగా తమ పేరు మీద చంపవు. గుండెజబ్బు పేరు మీద, ఆయాసం పేరు మీద చంపుతాయి. అందుకే 2010 మేలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీలు కాసినప్పుడు పరిశోధకులు సర్టిఫికెట్లను నమ్ముకోలేదు. ఆ నెల మొత్తం చావుల్ని మామూలు మే నెలలతో పోల్చారు. 1,344 ఎక్కువ తేలాయి. 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక వేసుకుంది.

1952 డిసెంబరులో లండన్‌దీ అదే కథ. చలి, గాలి కదలదు, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంది, కింద బొగ్గుపొగ. అయిదు రోజులు. ముందు 4,000 మంది పోయారన్నారు. ఆ తర్వాతి వారాల్లో పోయినవాళ్లను ఫ్లూ ఖాతాలో వేశారు. వాళ్లనూ కలిపి చూసిన పరిశోధకులు 12,000 దాకా వెళ్లారు.

మన హైదరాబాద్ సహా పది నగరాల్లో 2008 నుంచి 2019 దాకా 36 లక్షల మరణాల్ని రోజువారీగా చూసిన అధ్యయనం 2024లో వచ్చింది. రోజువారీ మరణాల్లో 7.2 శాతం, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు దాటిన సన్నధూళితో ముడిపడి ఉన్నాయి. మన దేశం పెట్టుకున్న 60 మైక్రోగ్రాముల హద్దు దాటని రోజుల్లోనూ ఆ ముప్పు కనిపించింది!

ఇక మన కాగితాల సంగతి. చావు కారణం రాసే ఫారంలోనే అచ్చేసి ఉంటుంది, గుండె ఆగడం లాంటివి కారణంగా రాయొద్దని. నేను చదవలేదు. మీరు చదవండి, దానికి దారితీసిన కారణాలు రాసే కింది గడులు కూడా నింపండి.

ఆ పెద్దావిడ కొడుకు ఇరవై రోజులకు ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. లక్ష రూపాయల పరిహారం కోసం తిరుగుతున్నాడు. “ఇందులో ఎండ అని ఎక్కడుంది సారూ, ఆఫీసులో అడుగుతున్నారు” అన్నాడు. తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాను.